టర్పెంటాయిలు డబ్బాలో కొత్తిమీర

నేను ఒక రంగు డబ్బాను. ఇరవై లీటర్లు పట్టే తెల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, పట్టుకోవడానికి ఒక తీగ చెయ్యి, ఒకప్పుడు నెత్తిన మూత కూడా ఉండేది. 'పోయి పోయి డబ్బా చెప్పే కథ వినాలా' అని మీరు పెదవి విరుస్తున్నారని నాకు తెలుసు. విరవండి. మీలాంటివాళ్లను చాలామందిని చూశాను. ఎవరైనా నా వంక ప్రేమగా చూశారంటే నాకు సంతోషం కాదు, అనుమానం వస్తుంది. వీళ్లకిప్పుడు నాతో ఏం అవసరం పడిందా అని ఆలోచిస్తాను.

పుట్టినప్పుడు ఇలా లేను. ఊరి చివరి కార్ఖానాలో వేడివేడిగా అచ్చులోంచి బయటపడ్డ రోజున పరమ అమాయకంగా ఉన్నాను. నాలో మీగడ రంగు పోసి మూత బిగిస్తే, అదేదో నాకు చేసిన మర్యాద అనుకున్నాను. మొదటి ఇంట్లో ఆ రంగంతా గోడలకు పోయాక అసలు సంగతి తెలిసింది. ఖాళీ డబ్బా ఎవరిదని ఇంటాయనా, రంగులేసే జంగయ్య మేస్త్రీ అరగంట వాదించుకున్నారు. "రంగు నాదైనప్పుడు డబ్బా నాది కాదా?" అని ఆయన. "ఖాళీ డబ్బా మేస్త్రీదే సార్, ఏడికన్న పోయి అడుగుండ్రి" అని ఇతను. గోడ మీద రంగు ఎలా వచ్చిందో ఒక్కరూ తలెత్తి చూడలేదు. నిండుగా ఉన్నన్నాళ్లు నన్ను పట్టించుకోని మనుషులు, ఖాళీ కాగానే నా కోసం కొట్టుకున్నారు. అనుమానం అక్కడ మొదలైంది.

జంగయ్య గెలిచాడు. గెలిచి నాకేం ఒరగబెట్టాడని! రెండేళ్లపాటు నాలో టర్పెంటాయిలు పోసి బ్రష్షులు నానబెట్టాడు. ఆ వాసన నా ఒంట్లోకి ఇంకిపోయింది. సబ్బు, సున్నం, కుంకుడు పులుసు, దేనికీ లొంగలేదు. చలికాలంలో ముడుచుకుని పడుకుంటుంది గానీ, ఒంటికి ఎండ చురుక్కున తగిలిందంటే లేచి కూర్చుంటుంది.

ఆ జంగయ్య హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తుకు రంగులు వేయడానికి ఒప్పుకున్నాడు. ఆ ఇంటాయన పేరు సర్వోత్తమరావు. తెనాలి వైపు మనిషి. తూనికలు, కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం రిటైరైంది గానీ అనుమానం రిటైరవలేదు. ఇంటికి వచ్చిన ప్రతి వస్తువునూ కొక్కేనికి తగిలించే చిన్న కాటాతో తూచి గానీ లోపలికి రానివ్వరు. రంగులు వేయడం అయిపోయిన రోజున ఖాళీ డబ్బాలు లెక్కపెట్టారు. ఆరు ఉండాలి, ఐదే ఉన్నాయి.

"ఆరోది ఏదయ్యా?" అన్నారు.

"ఆరోది మీ మేడమ్ గారే నీళ్లకు తీసుకున్నరు సార్. గిది నాది, బ్రష్షుల డబ్బ."

"అన్నీ ఒకేలా ఉన్నాయి. నీదని గుర్తేముంది?"

జంగయ్య ఆయన వంక, నా వంక చూసి నవ్వాడు. "తీస్కోండి సార్. కంపు గొడ్తది, తర్వాత నన్ను అనొద్దు" అని బ్రష్షులు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆరో డబ్బా ఆ సాయంత్రమే బాత్‌రూములో కనబడింది. సర్వోత్తమరావు గారు దాన్ని చూసీ చూడనట్టు తలుపు వేసేశారు. మోసపోకూడదని జీవితమంతా కాపలా కాసిన మనిషి నన్ను అలా దబాయించి సంపాదించారు.

ఆ ఇంటి ఇల్లాలు మాణిక్యాంబ గారు. ఆవిడ గురించి ఒక్క సంగతి తెలిస్తే చాలు. పొడులు చేస్తారు. సాంబారు పొడి, కందిపొడి, కరివేపాకు పొడి. అపార్ట్‌మెంటులో సగం ఇళ్లు ఆవిడ పొడి మీదే బతుకుతున్నాయి. వండేటప్పుడు రుచి చూడటం ఆవిడ ఇంటా వంటా లేదు. దేవుడికి చూపించకుండా నోట్లో వేసుకుంటే ఎంగిలి కదా! ఉప్పు సరిపోయిందో లేదో, పప్పు వేగిందో లేదో, అంతా ముక్కుతోనే. మూకుడు మీదికి ఒకసారి వంగి, "ఇంకో నిమిషం" అనేవారు. ఆ నిమిషం ఎప్పుడూ తప్పలేదు.

అలాంటి ముక్కు ముందుకు నన్ను తీసుకొచ్చి నిలబెట్టారు సర్వోత్తమరావు గారు, బియ్యం పోసుకోవడానికట. మూత ఇంకా తీయనేలేదు.

"అబ్బబ్బ! ఏం కంపండీ ఇది! టర్పెంటాయిలు. అవతల పారేయండి" అని ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు.

"నాకేం రావడం లేదే."

"మీకేం వస్తుంది, కాటాలు పట్టుకున్న ముక్కు మీది. తీయండి ముందు."

పారేయడానికి ఆయనకు ప్రాణం ఒప్పలేదు. నన్ను బాల్కనీ మూలకు నెట్టారు. విరిగిన బట్టల క్లిప్పులు, ఒంటి చెప్పు, తుడిచే గుడ్డ నాలో చేరాయి. ఆవిడ బాల్కనీలోకి వచ్చినప్పుడల్లా కొంగు ముక్కు మీదికి వెళ్లేది. రెండేళ్లు అంతే. నిజం చెబుతున్నాను, ఆ కొంగు పైకి లేచిన ప్రతిసారీ నాకు సిగ్గేసేది.

అందుకే పోయిన కార్తీకం వెళ్లాక ఒక పొద్దున ఆవిడ నా పక్కనే స్టూలు వేసుకుని, కొంగు కదలకుండా, తాపీగా చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చునేసరికి నాకు గుండె జారింది. ఎందుకు నామీద ఇంత దయ? ఏదో మతలబు ఉందనుకున్నాను. నన్ను పాత సామాన్లవాడికి వేసేముందు మర్యాదకు కూర్చున్నారేమోనని కూడా అనిపించింది.

అప్పటినుంచి ఆవిడను కనిపెట్టి చూడటం మొదలుపెట్టాను. బాల్కనీకీ వంటింటికీ మధ్య ఒక్క కిటికీ అడ్డం. ఒకరోజు పాలు పొంగి, మాడి, గిన్నె నల్లబడి, పొగ కిటికీలోంచి నా దాకా వచ్చింది. ఆవిడ పొయ్యికి రెండడుగుల దూరంలో వీపు పెట్టి కూర్చుని కందులు ఏరుకుంటున్నారు. పొగ కళ్లకు తగిలాకే లేచారు. ఇంకోరోజు రెండో అంతస్తు ఇందుమతి వచ్చి, సాంబారు పొడి డబ్బా వెనక్కిచ్చి, "ఏమనుకోకండి పిన్నిగారూ, ఈసారి కాస్త మాడినట్టుంది" అంది. ఆవిడ ముఖం పాలిపోయింది. సర్వోత్తమరావు గారు మాత్రం కిరాణా కొట్టువాడి మీద విరుచుకుపడ్డారు. "కల్తీ మిరపకాయలు పోసుంటాడు దొంగవెధవ. వాడి కాటా కూడా చూడాలి ఒకసారి."

"అవునండీ, ఈమధ్య కొత్తిమీరకు కూడా వాసనే ఉండటం లేదు" అన్నారావిడ, ముఖం పక్కకు తిప్పుకుని.

ఆ ఒక్క మాట పట్టుకున్నారాయన. "ఎలా ఉంటుంది? మురికి కాలవల పక్కన పెంచుతున్నారు. రేపట్నించీ మన కొత్తిమీర మన బాల్కనీలోనే" అని లేచారు. ఊళ్లో అందరినీ అనుమానించే మనిషికి, ఎదురుగా కూర్చున్న భార్య ముక్కు మీద మాత్రం అనుమానం రాలేదు.

అప్పటికి జనవరి చివరి వారం. చలి ఉంది గానీ దాని రోజులు దగ్గరపడ్డాయి. సర్వోత్తమరావు గారు కాగితం తీసి, చలిలో పెరిగే మొక్కల్లో ఏది ఎన్నాళ్లు తీసుకుంటుందో రాసుకున్నారు. క్యాబేజీకి మూడు నెలలు కావాలి, అప్పటికి ఎండలు దంచేస్తాయి, కొట్టివేత. బఠాణీకి ఇంకా గట్టి చలి కావాలి, అదీ కొట్టివేత. ముల్లంగికి లోతు చాలదు. మెంతికూర మూడు వారాలు, కొత్తిమీర నలభై రోజులు. ఈ రెండే తనిఖీలో నెగ్గాయి.

ఇంతలో కింద మొక్కలమ్మే లస్మవ్వ తోపుడుబండి వచ్చింది. బండి నిండా పువ్వులతో విరగబూసిన చేమంతులు, పెటూనియాలు. లస్మవ్వ ఒక చేమంతి కుండీని మెట్లెక్కించి పైకే తెచ్చింది.

"సూడుండ్రి సార్, పువ్వెట్లున్నదో!"

"పువ్వు సరే, వేరు ఏదీ?"

"వేరు లోపలున్నది సార్. బయటెట్లుంటది?"

ఆయన మొదలు పట్టుకుని లాగారు. కొమ్మ మట్టిలోంచి కొవ్వొత్తిలా ఊడి చేతికొచ్చింది. ఒక్క వేరు లేదు. ఆయన ముఖంలో ఉద్యోగంలో ఉన్నప్పటి వెలుగొచ్చింది. "ఇది మొక్క కాదు, కొమ్మ!"

"ఏ మొక్కైనా ముందుగాల కొమ్మనే గద సార్" అంది లస్మవ్వ, ఏమాత్రం తడబడకుండా. ఆ తర్వాత బాల్కనీ, ఎండ వచ్చే దిక్కు చూసి, గొంతు తగ్గించి చెప్పింది. "నిజం జెప్తున్న సార్, గిప్పుడు చేమంతి దండగ. ఎండలొస్తున్నయ్. కొత్తిమీర ఏస్కోండ్రి. ధనియాలు బద్దలు జేసి ఏయాలె, లేకుంటె మొల్కలు రావు."

లస్మవ్వ దిగి వెళ్లాక సర్వోత్తమరావు గారు మీసం దువ్వుకున్నారు. "అమ్ముకునేది మనకు ఉచిత సలహా ఎందుకిస్తుంది? బద్దలు చేస్తే మొలవవు, మళ్లీ తన దగ్గరికే వెళ్లాలని" అన్నారు. ఉన్న ఒక్క మంచి మాట అలా చెత్తబుట్టలోకి పోయింది.

ఇక నన్ను దులిపారు. అడుగున మేకు కాల్చి ఐదు చిల్లులు పొడిచారు. మట్టి పోసేముందు నాలో మందపాటి పాలిథీన్ సంచి పరిచి దానికీ చిల్లులు పెట్టారు. "రంగు డబ్బా, దీన్ని నమ్మలేం" అట. నాకు కోపం రాలేదు, ఆయన స్థానంలో ఉంటే నేనూ నన్ను నమ్మను. విత్తనాల కొట్టు ప్యాకెట్ల మీద ఆయనకు నమ్మకం లేదు గనుక వంటింటి వైపు కేకేశారు. "మాణిక్యం, పచ్చి ధనియాలు ఓ గుప్పెడు పట్రా!"

ఆవిడ రెండు స్టీలు డబ్బాలు తీశారు. ఒకదాంట్లో పచ్చివి, ఇంకోదాంట్లో పురుగు పట్టకుండా సన్నసెగ మీద లేతగా వేయించి పెట్టుకున్నవి. రంగులో పెద్ద తేడా ఉండదు. ఆవిడ ఒక డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకుని కాస్త ఆగి, రెండోదీ పెట్టుకుని, చివరికి ఒకదాంట్లోంచి గుప్పెడు తెచ్చి నాలో చల్లారు.

ఘుమఘుమలాడాయి. వేయించిన ధనియాలు! నా కంపులోంచి కూడా నాకు తెలిసిపోయింది. ఈవిడకెలా తెలియలేదు? అప్పుడు కొంగూ, పాలూ, ఇందుమతి తిప్పిపంపిన పొడీ అన్నీ ఒక్కసారి నా బుర్రలో కలిశాయి. ఆవిడకు వాసన పోయింది. ఆ సంగతి మొగుడి దగ్గర కూడా దాస్తున్నారు. అన్నాళ్లూ నన్ను పారేస్తారని ఆవిడను అనుమానించాను. ఆ క్షణంలో నాకు జాలేసింది. చెబుదామంటే నాకు నోరెక్కడిది, ఉన్నది మూతే, అదీ పోయింది.

సర్వోత్తమరావు గారు నా పొట్ట మీద మార్కరుతో '27-1 ధనియాలు' అని రాశారు. పక్కనే పగిలిన టబ్బులో కొత్త ప్యాకెట్టు మెంతులు చల్లారు. మెంతులు నాలుగో రోజుకే పచ్చగా లేచాయి. నాలో ఉలుకూ పలుకూ లేదు. వారం గడిచింది, పది రోజులు గడిచాయి. ఆయన ముందు పావురాలను అనుమానించి వల కట్టారు. తర్వాత పై అంతస్తు తడిబట్టల సబ్బునీళ్ల మీదికి పోయారు. ఆ తర్వాత మట్టి. చివరికి నన్ను కాటాకు తగిలించి పొద్దునా సాయంత్రం తూచారు, తేమ ఎంత తగ్గుతోందో చూడటానికి. ముందుకు వంగి, "నీ పనేనా ఇది?" అని నన్నే నేరుగా అడిగారు. నా జన్మలో అంత అవమానం ఎరగను.

పద్దెనిమిదో రోజున కుర్చీలో కూర్చుని టబ్బునూ నన్నూ మార్చి మార్చి చూశారు. "ఒకటే మట్టి. ఒకటే నీళ్లు. ఒకటే పావురాలు. మెంతులు వచ్చాయి" అని తనలో తానే అనుకున్నారు. నా మట్టి వేళ్లతో తవ్వి ఒక ధనియం తీశారు. గోటితో చిదిపి, ముక్కుకు గట్టిగా ఆనించుకుని వాసన చూశారు. తడిసి కుళ్లినా మిగిలిన వేపుడు వాసన ఆ కాటాల ముక్కుకు కూడా అందింది.

ఆయన లేచి వంటింట్లోకి వెళ్లి రెండు స్టీలు డబ్బాలూ తెచ్చి భార్య ముందు పెట్టారు. "పచ్చివి ఏవి, మాణిక్యం?"

ఆవిడ ఒకటి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. రెండోది పెట్టుకున్నారు. ఒకదాన్ని చూపించారు. తప్పు డబ్బా.

ఆయన రెండు డబ్బాల మూతలూ పెట్టేశారు. "ఎప్పట్నించి?" అన్నారు.

"కార్తీకంలో జ్వరం వచ్చింది చూడండి. అప్పట్నించి." అని కొంగుతో కళ్లు ఒత్తుకున్నారావిడ. "చెబితే పొడి మానేయమంటారని. అది తప్ప నాకేం వచ్చండీ? నలుగురూ నా పేరు చెప్పి తినేది ఆ ఒక్కటేగా."

"అంటానా అలా?"

"మీరనకపోయినా నేనే మానేస్తా. మాడిందో వేగిందో తెలియని మనిషి ఇంకొకరి నోట్లోకి వెళ్లేది చేయకూడదు."

అన్నంత పనీ చేశారు. అడిగినవాళ్లకు మిక్సీ చెడిపోయిందని చెప్పి మూకుడు బోర్లించేశారు. మర్నాడు ఆయన ఆవిడను ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. వాసన మళ్లీ రావచ్చు, రాకపోవచ్చు, రోజూ పొద్దున ఘాటైన వాసనలు నాలుగు చూపిస్తూ ఉండమన్నాడట. ఆయన తిరిగొచ్చి బజారు నుంచి పచ్చి ధనియాలు తెచ్చారు. పీటమీద పోసి చపాతీ కర్రతో దొర్లించి ఒక్కోటీ రెండు బద్దలు చేశారు, లస్మవ్వ చెప్పినట్టే. నా పొట్ట మీద '14-2 ధనియాలు (పచ్చివి)' అని రెండో వరుస పడింది.

పదో రోజుకు మొలిచాయి. చలి వెళ్లిపోతూ వెళ్లిపోతూ ఇచ్చిన నాలుగు వారాల్లో గుబురుగా లేచాయి. రోజూ పొద్దున ఆవిడ స్టూలు మీద కూర్చునేవారు. ఆయన లవంగం, నిమ్మతొక్క, ఇంగువ, నాలోంచి అప్పుడే తుంచిన కొత్తిమీర రెబ్బ, వరసగా చూపించేవారు. "ఏమైనా?" "లేదండీ." రెండు వారాలు ఇదే మాట.

ఒక పొద్దున ఆవిడ, "ఆ, కొత్తిమీర కొంచెం తెలుస్తోందండీ" అన్నారు. ఆయన ముఖం వెలిగింది, వెంటనే ముడుచుకుంది. అనుమానం ఎక్కడికి పోతుంది? మర్నాడు తువ్వాలు తెచ్చి ఆవిడ కళ్లకు కట్టారు. నాలోంచి రెబ్బ తుంచిన చప్పుడు చేసి, తుంచకుండా, ఖాళీ చెయ్యి ఆవిడ ముక్కు ముందు పెట్టారు.

"వచ్చింది. కొత్తిమీరే" అన్నారావిడ నవ్వుతూ.

ఆయన చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. ముప్పై ఒక్క ఏళ్లలో పది గ్రాముల తరుగు కూడా వదలని మనిషి. ఆ రోజు మాత్రం, "బాగుంది మాణిక్యం, బాగుంది" అని తువ్వాలు విప్పేసి లోపలికి వెళ్లిపోయారు. నాకు ఏడుపొచ్చింది. తన కోసం మొగుడు బాధపడకూడదని ఆవిడ అబద్ధం, ఆవిడ బాధపడకూడదని ఆయన మౌనం. ఇద్దరి మధ్యా ఆ ఖాళీ చేతిని చూసినదాన్ని నేనొక్కదాన్నే.

ఏప్రిల్ వచ్చింది. ఎండ ముదిరింది. కొత్తిమీర ఆకు మానేసి సన్నటి కాడలు పైకి తోసి తెల్లపూలు పూసేసింది. కాలం అయిపోయింది, ఇక వచ్చే చలికాలం దాకా లేదు. మెంతికూర టబ్బు ఎప్పుడో ఖాళీ అయింది. సర్వోత్తమరావు గారు పాత సామాన్లవాణ్ణి పిలుస్తానని కూడా అన్నారు. సరే, నా సంగతి తేలిపోయిందనుకున్నాను.

ఆ పొద్దున ఎండ నేరుగా నా పక్కటెముకల మీద పడింది. ఒళ్లు కాలి, జంగయ్య పోసిన టర్పెంటాయిలు చలికాలపు నిద్ర లేచినట్టు లేచింది. మాణిక్యాంబ గారు ఎండిన పూలకాడలు పీకుదామని నా మీదికి వంగారు. వంగి, ఆగి, చటుక్కున వెనక్కి జరిగారు. కొంగు ముక్కు మీదికి వెళ్లింది.

"అబ్బబ్బ! ఏం కంపండీ ఈ డబ్బా! అవతల పారేయండి!"

లోపల పేపరు కిందపడిన చప్పుడు. సర్వోత్తమరావు గారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. నా దగ్గరికి వచ్చి ముక్కు పెట్టి చూశారు. ఆయనకేమీ రాలేదని ముఖమే చెబుతోంది. మొగుణ్ణి సంతోషపెట్టడానికి ఎవరైనా కొత్తిమీర వాసన వచ్చిందని అబద్ధమాడతారు. కంపు కొడుతోందని ఎవరాడతారు? అయినా ఆయన ఇన్‌స్పెక్టరు. తువ్వాలు తెచ్చి ఆవిడ కళ్లకు కట్టారు. చెప్పులు విప్పి, పద్దెనిమిది కిలోల నన్ను రెండు చేతులతో ఎత్తి, అడుగుల చప్పుడు కాకుండా హాల్లోకి మోసుకెళ్లారు.

"ఇప్పుడు?"

"ఇప్పుడు లేదు."

తిరిగి తెచ్చారు. "ఇప్పుడు?"

"మళ్లీ వచ్చింది. ఎందుకండీ ముక్కు దగ్గర పెడతారు, కడుపులో తిప్పుతోంది."

మళ్లీ తీసుకెళ్లారు, మళ్లీ తెచ్చారు. మూడుసార్లు. మూడుసార్లూ ఆవిడ ఒప్పే చెప్పారు. మూడోసారి దించేటప్పుడు ఆయన పట్టు తప్పి నా మట్టి కొంత గచ్చు మీద పడింది. ఆవిడ తువ్వాలు లాగేసి చూసేసరికి ఆయన నన్ను రెండు చేతులా కావలించుకుని కూలబడి ఉన్నారు.

"ఇంకొక్కసారి అను, మాణిక్యం."

ఆవిడకు అప్పుడు అర్థమైంది. "కంపండీ" అన్నారు. "భరించలేని కంపు."

ఆ సాయంత్రం వంటింట్లో బోర్లించిన మూకుడు మళ్లీ పొయ్యెక్కిన చప్పుడు విన్నాను. పాత సామాన్లవాడు వచ్చాడు గానీ ఆయన గుమ్మంలోంచే పంపేశారు. నేనిప్పటికీ ఈ బాల్కనీ మూలే ఉన్నాను, మళ్లీ చలి కోసం చూస్తూ. వానకు నా పొట్ట మీది పాత వరుసలు చెరిగిపోతున్నాయి. వాటికింద ఆ రోజు ఆయన మార్కరుతో గట్టిగా, రెండుసార్లు దిద్ది రాసిన మూడో వరుస మాత్రం చెక్కుచెదరలేదు. '9-4. కంపు.'